దండు పట్టీలును వంశవృక్షములును

హైదరాబాదు నగరమునందలి లక్డీకాపూల్ అను మాటకు కొయ్యవంతెన యని యర్థము. ఆ వంతెన యిప్పుడు లేదు, పేరు నిలిచినది. అచ్చటినుండి మాసాబుట్యాంకు దిక్కునకు పోవువారికి ఏ.సి. గార్డ్సు అను పేటయు, దాని కావల ఫస్టు లాన్సర్సు అను పేటయు కానవచ్చును. మొదటిది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను నాశ్వికదళము పేరు. రెండవది హైదరాబాదు మొదటి లాన్సర్లు, అనగా బల్లెపు రౌతులు, అను దళము పేరు. రెండును నిజాము ప్రభువుల సేనలోనివి. 1948 సెప్టెంబరులో భారతసేన హైదరాబాదు ప్రవేశించిన పిమ్మట నిజాము సేన ప్రత్యేక సేనగా నుండుట ముగిసినది. దళములు పోయి పేటలు మిగిలినవి. ఆ దళములందు కొలువు చేసిన రౌతులెవరు, వారి తండ్రులెవరు, ఎవ్వరు సముద్రము దాటి పోరుటకు పోయిరి, ఎవ్వరు మరలి రాలేదు అను సంగతులు మాత్రము పేట పేరువలన తెలియవు.

ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకువారికి ఈ కాలమున వంశవృక్షపు సాఫ్టువేరు అను నొక సాధనము లభించినది. తాత, తండ్రి, కొడుకు అను సంబంధములను కంప్యూటరునందు గుర్తించి, ఒక్కొక్క వ్యక్తికి చెందిన పత్రములను వాని పేరు క్రింద చేర్చి, దేశాంతరములందలి పట్టికలలో ఆ పేరుగలవారిని వెదకి చూపుట దాని పని. దీనిని గురించి రెండు విధములైన యభిప్రాయములు కలవు. యంత్రము చూపినదెల్ల సత్యమనువారు కొందరు. పాశ్చాత్యుల కొరకు చేసిన యంత్రము మన వంశములకు పనికిరాదనువారు మరికొందరు. రెండును సరికావు. వంశమును చెప్పు పత్రములును యుద్ధమును చెప్పు పత్రములును తెలుగునాట వేర్వేరుగా పెరిగినవి. వానిని కలుపు ముడి యంత్రమున లేదు. అది పాత పట్టీలలో "ఫలానావాని కొడుకు, ఫలానా యూరివాడు" అను రెండు మాటలలో నున్నది. ఆ మాటలను గుర్తించి యంత్రమున సరియైన చోట నిలుపుట పరిశోధకుని పని.

వంశావళి సంప్రదాయము

తెలుగువారికి వంశావళి క్రొత్తది కాదు. ప్రబంధముల యవతారికలందు కృతిపతి వంశవర్ణనము పరిపాటి. శాసనములందును దాత వంశము చెప్పబడును. కాకతి గణపతిదేవుని సేనాని యగు రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు వ్రాయించిన శాసనము రేచర్లవారి వంశమును తెలుపుచున్నది. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో పాలెగాండ్ర వంశములును, గ్రామాధికారుల వంశములును పెక్కు కలవు. ఇవిగాక నోటిమాటవలన వంశములను నిలుపువారు నేటికిని గలరు. భట్రాజులు, రెడ్ల గోత్రములను ఇంటిపేర్లను పాడు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీల నాశ్రయించిన సాధనాశూరులు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు ఇట్టివారు. అయితే ఈ సాధనములన్నియు వంశకర్తను, దాతను, కృతిపతిని చెప్పుటకు ఏర్పడినవి. జీతమునకు కత్తి పట్టిన సామాన్య భటుని పేరు వీనిలో దొరకుట యరుదు. స్త్రీల పేర్లును కొద్దియే.

భటుని చెప్పునది వీరశిల. పశువులను మరల్చుటలోనో, ఊరిపోరులోనో పడినవాని రూపమును చెక్కి యూరివారు నిలిపిన రాయి యది. అట్టి శిలలలో నక్షరములే లేనివి పెక్కు. అక్షరములున్నచోటను వంశమును విస్తరించి చెప్పుట సాధారణము కాదు. ఈ విధముగా అవతారికయందు భటుడు లేని వంశమును, వీరశిలయందు వంశము లేని భటుడును మనకు మిగిలిరి.

ఈ రెంటిని ఆచారము కలిపిన చోటు పలనాడు. కారెంపూడిలో కార్తిక అమావాస్యనాటి వీరారాధనకు ఆచారవంతులను కుటుంబములవారు తమ పూర్వవీరుల యాయుధములను కొనివత్తురు. పండ్రెండవ శతాబ్దమున జరిగినదని చెప్పబడు యుద్ధమునకును నేటి యింటికిని నడుమ సంబంధము అచ్చట ఆయుధము చేతను, కథాగానము చేతను నిలిచియున్నది. చరిత్రకారుడు దానిని దస్తావేజుగా గైకొనజాలడు. కాని యుద్ధమున పోరినవారిని వంశమున చేర్చి తలచుకొనవలెనను కోరిక తెలుగువారి కెంత ప్రాచీనమో దానివలన స్పష్టమగుచున్నది.

దండు పట్టీలు

సైనికుని తండ్రి పేరుతో గూడ వ్రాయు పద్ధతి దక్కను దేశమున మొగలాయీల కాలమునాటికే కలదు. షాజహాను, ఔరంగజేబుల దక్కను పాలనకు సంబంధించిన పారసీ పత్రములు లక్షకు పైగా హైదరాబాదు తార్నాకయందలి రాష్ట్ర అభిలేఖాగారమున భద్రపరుపబడియున్నవి. వానిలో అర్జ్-ఓ-చెహ్రా అనునవి సైనికుల గుర్తింపు పట్టీలు. చెహ్రా యనగా ముఖము. సిపాయి పేరు, తండ్రి పేరు, తెగ, మేనిచాయ, ముఖమునందలి మచ్చలు, అతని గుర్రపు రంగు, దానికి వేసిన వాత గుర్తు మొదలగునవి వీనిలో వ్రాయబడినవి. ఒకని జీతమును మరియొకడు పుచ్చుకొనకుండుటకును, మంచి గుర్రమునకు బదులు గొడ్డు గుర్రమును నిలుపకుండుటకును ఏర్పడిన కట్టుబాటిది. దీని యుద్దేశము వంశకీర్తి కాదు, ఖజానా రక్షణ. అయినను ఆ జాగ్రత్త వలననే కవుల కృతులకెక్కని రౌతు తన తండ్రితో గూడ కాగితమున కెక్కెను. కొడుకు అను నర్థమున "వల్ద్" అను మాట యీ తీరు పట్టీలకు ప్రాణము. నిజాము రాజ్యపు ఉరుదూ దఫ్తరులందును అది సాగివచ్చినది.

మొదటి ప్రపంచ యుద్ధమున హైదరాబాదు లాన్సర్లు 15వ ఇంపీరియల్ సర్వీసు అశ్వికదళమున మైసూరు, పటియాలా లాన్సర్లతో గూడి 1914 చివర ఈజిప్టు చేరి సూయజు కాలువను గాచిరి. 1918లో జోధపురము లాన్సర్లు ఆ దళమున చేరిరి. ఆ యేట సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణము వీరికి స్వాధీనమైనది. నాడు గుర్రములనెక్కి శత్రువులపై దుమికినవారు జోధపురము, మైసూరు రౌతులు. హైదరాబాదు రౌతులు అదే దళమునకు చెందినవారైనను ఆ దాడిలో పాల్గొన్నవారిగా చెప్పబడరు. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకమునందు మూడు విగ్రహములు మూడు సంస్థానముల లాన్సర్లకును గుర్తుగా నిలిచియున్నవి. స్మారకమును చూచి "మా ముత్తాత హైఫాలో పోరెను" అని హైదరాబాదు కుటుంబము చెప్పుకొనుట సహజమే గాని, దళము చరిత్రయు ఆ దినమునాటి కార్యమును వేర్వేరుగా పరిశీలింపవలెను. ఆ ముత్తాత పాలస్తీనాలో కొలువు చేసినమాట సత్యము కావచ్చును. ఆ దాడిలో నుండెననుట సత్యము కాకపోవచ్చును.

యుద్ధమృతుల పట్టికలను సమకూర్చుటకు 1917లో బ్రిటిషు సామ్రాజ్యమున నొక సమాధుల సంఘ మేర్పడినది. కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమని దానికి నేటి పేరు. దాని పట్టికలలో మృతుని పేరు, అంకె, దళము, మరణించిన తేదీ గలవు. పెక్కు చోట్ల "ఫలానావాని కుమారుడు, ఫలానా గ్రామము", కొన్ని చోట్ల "ఫలానామెకు భర్త" అనియు నున్నది. వంశావళులు విడిచిన భార్య పేరు మృతుల పట్టికలో కనబడుట గమనింపదగిన విషయము. ఈజిప్టు, పాలస్తీనాలందు మరణించి సమాధి తెలియని భారతీయ సైనికులు సుమారు 4 వేల మందికి సూయజు కాలువ దక్షిణాగ్రమున పోర్టు తౌఫీకునందు 1926లో స్మారకము నిలిపిరి. అది తరువాతి యుద్ధములలో చెడిపోగా 1980లో హీలియోపోలిస్ శ్మశానమున దానికి బదులుగా ఫలకములను నిలిపిరి.

పట్టిక యున్నంతమాత్రమున నందరును అందున్నారని తలపరాదు. భారతీయ, ఆఫ్రికా సైనికులలో లక్షకు పైబడినవారు పేరుతో స్మరింపబడలేదనియో, బొత్తిగా స్మరింపబడనే లేదనియో ఆ సంఘమువారి విచారణయే 2021లో తేల్చినది. మెసపొటేమియా మృతులకు బస్రాలో కట్టిన స్మారకమున తెల్లవారి పేర్లు చెక్కి, భారతీయులలో అధికారులు కాని సిపాయిలకు సంఖ్యలు మాత్రమే చెక్కిరి. కావున పట్టికలో పేరు దొరకకపోవుట, ఆ మనిషి పోరలేదనుటకు ప్రమాణము కానేరదు.

సాఫ్టువేరు నిర్మాణము, పేర్ల చిక్కు

వంశవృక్షములను ఒక కంప్యూటరునుండి మరియొకదానికి పంపుటకు జెడ్కాము అను లేఖన నియమావళిని 1984లో అమెరికాలోని మోర్మను క్రైస్తవ సంఘమువారు ఏర్పరచిరి. నేటి సాఫ్టువేరులలో పెక్కు దీని ననుసరించునవే. మూల్యము లేక లభించు గ్రాంప్స్ అను సాఫ్టువేరు వీనిలో ప్రసిద్ధము. తెలుగు లిపిలో పేర్లు వ్రాసికొనుటకును అందు వీలు కలదు.

జెడ్కామునందు పేరు రెండు భాగములు: సొంత పేరు, రెండు గీతల నడుమ వంశనామము. తెలుగువారి యింటిపేరు ముందు వచ్చినను ఆ గీతల నడుమ వ్రాసికొనవచ్చును. అందు చిక్కు లేదు. చిక్కు దండు పట్టీలతో వచ్చును. వానిలో ఇంటిపేరు తరచుగా నుండదు. సిపాయి పేరు, తండ్రి పేరు మాత్రమే యుండును. ఉదాహరణమునకు "ఎల్లయ్య వల్ద్ మల్లయ్య" అని పట్టీలో నున్నదనుకొందము. తెలియనివారు మల్లయ్యను వంశనామమని యంత్రమున వ్రాయుదురు. ఎల్లయ్య కొడుకు రాజయ్య పట్టీ కెక్కినపుడు అతని వంశనామము ఎల్లయ్య యగును. మూడు తరములలో మూడు వంశములు పుట్టి వృక్షము విరిగిపోవును. తండ్రి పేరును వంశనామపు గడిలో వ్రాయక, తండ్రిని వేరు వ్యక్తిగా నెలకొల్పి, ఇంటిపేరు తెలియువరకు ఆ గడిని ఖాళీగా నుంచుటయే మార్గము.

వెదకుటయందు మరియొక చిక్కు కలదు. వర్ణక్రమము తప్పినను పేరు దొరకుటకై సౌండెక్సు అను పద్ధతిని వాడుదురు. దీనికి అమెరికాలో 1918లోనే పేటెంటు లభించినది. ఇంగ్లీషు పేరులోని మొదటి యక్షరమును ఉన్నదున్నట్లు ఉంచి, తరువాతి హల్లులను ఆరు వర్గములుగా నెంచి యంకెలుగా మార్చుట దీని రీతి. తెలుగువారికి ఎల్లయ్య, యెల్లయ్య యొక్కటే; ఓబయ్య, వోబయ్య యొక్కటే. ఈ భేదము లేదని బాలవ్యాకరణము చదివిన బాలునకు చెప్పనక్కరలేదు. కాని ఇంగ్లీషున మొదటి యక్షరము మారుటచేత సౌండెక్సునకు వారు వేర్వేరు మనుష్యులు. ఇందుకు మారుగా మల్లయ్య, ముల్లా అను రెండు పేర్లకు దాని లెక్కలో ఒక్కటే గుర్తు. ఉన్న సంబంధమును కాదని, లేని సంబంధమును కలదని చెప్పు యంత్రమిది. ఉరుదూ పట్టీలలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు. ల, ళలకు ఒకే యక్షరము, న, ణలకు ఒకే యక్షరము. అందునుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషునుండి తెలుగునకు వచ్చుసరికి పేరు మూడుమార్లు వేషము మార్చును. కావున పేరొక్కటి సరిపోయినంతమాత్రమున వ్యక్తి దొరికెననుట తగదు. తండ్రి పేరును ఊరి పేరును గూడ సరిపోవలెను.

ఊరు ఎంత బలమైన యాధారమో చూపుటకు పంజాబు పట్టీలు చాలును. మొదటి యుద్ధమున కొలువు చేసిన పంజాబు సైనికులు సుమారు 3,20,000 మంది వివరములు గ్రామవారీగా వ్రాయబడి లాహోరు మ్యూజియమునందు నిలిచియుండినవి. 2021 మొదలు వానిని కంప్యూటరునందు వెదకుటకు వీలు కలిగినది. అచ్చట వెదకువాడు మొదట వ్రాయవలసినది తాత పేరు కాదు, తాత యూరు. తెలుగునాట పశ్చిమగోదావరిలోని మాధవరము మిలటరీ మాధవరమని పేరు గాంచినది. తరతరములుగా ఇంటింటినుండి సైనికులను పంపిన యట్టి గ్రామమున ఊరివారి జ్ఞాపకమే సగము పట్టీ.

దళముల పేర్ల చిక్కు

హైదరాబాదు పేరు గల దళమున నుండినవాడు హైదరాబాదువాడే యని తలచుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఈ పేరు మూడు విధములైన సేనలకు కలదు. మొదటిది హైదరాబాదు కంటింజెంటు. 1853 నాటి సంధివలన దీని వ్యయమునకై బేరారు కంపెనీవారి యధీనమైనది. ఈ సేన క్రమముగా భారతీయ సేనలో కలిసిపోయినది. దాని యాశ్విక భాగములలో నొకటియగు 20వ డెక్కను హార్సు 1916 జులై 14న ఫ్రాన్సుదేశపు సొమ్ము రణరంగమున హైవుడ్ అను అడవియొద్ద పోరినది. కాని అందలి రౌతులలో సిక్కులును జాట్లును గూడ నుండిరి. పదాతి భాగము 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు అయినది. అందు కుమావు పర్వతప్రాంతమువారును, అహీరులును, జాట్లును చేరుచుండిరి. కావుననే 1945లో దానికి కుమావు రెజిమెంటని పేరు మార్చిరి.

రెండవది నిజాము సంస్థానపు సొంత క్రమబద్ధ సేన, లాన్సర్లు ఇందలివారు. మూడవది ఆఫ్రికన్ గార్డ్సు వంటి యాస్థాన దళములు. 1941 డిసెంబరు 8న జపానువారు మలయాలోని కోటబారు తీరమున దిగినపుడు అచ్చటి విమానాశ్రయమును గాచుచుండినది సంస్థానపు మొదటి హైదరాబాదు పదాతిదళము. అదే మలయాలో పోరిన మరియొక హైదరాబాదు దళము 19వ రెజిమెంటు నాలుగవ పటాలము. సింగపూరు క్రాంజి స్మారకమున 24 వేలకు పైగా నున్న పేర్లలో హైదరాబాదు అని వెదకినచో ఈ రెండు దళములవారును కలిసి వత్తురు. ఒకనియూరు అల్మోడా, మరియొకనియూరు మెదకు కావచ్చును. సింధుదేశమునందును హైదరాబాదు కలదని మరువరాదు. ఉత్తరదేశపు పాత పత్రములలో "తిలంగా" అని కనబడినను తెలుగువాడని నిశ్చయింపరాదు. ఐరోపావారి కవాతు నేర్చిన సిపాయి యెవ్వడైనను ఆ పేరున పిలువబడెను.

కాలగణనము

జెడ్కాము గుర్తించిన పంచాంగములు గ్రెగోరియను, జూలియను, హీబ్రూ, ఫ్రెంచి విప్లవ పంచాంగములు. ఫసలీ అందు లేదు. నిజాము దఫ్తరులందలి ఫసలీ సంవత్సరమునకు 590 చేర్చినచో ఆ సంవత్సరము ఆరంభమైన క్రీస్తుశకము వచ్చును. కాని నిజాము రాజ్యమున ఫసలీ అక్టోబరు మొదటి వారమునను, మద్రాసు రాజధానిలో జులై 1ననూ ఆరంభమగుచుండెను. బ్రిటను యుద్ధమునకు దిగిన 1914 ఆగస్టు 4న హైదరాబాదులో 1323 ఫసలీ, బెజవాడలో 1324 ఫసలీ. కృష్ణకు ఈ దరినున్న యన్నకును ఆ దరినున్న తమ్మునికిని ఒకేనాడు వ్రాసిన పత్రములలో నొక యేటి భేదము కనబడును. అందుచేత ఫసలీని వ్రాసియున్నట్లే యుల్లేఖించి, మార్చిన తేదీని ప్రక్కన చూపవలెను.

తేదీ తెలియుటవలన కుటుంబమునకు కలుగు లాభము చరిత్రమునకు మాత్రమే సంబంధించినది కాదు. విదేశమున మరణించినవాని తిథి తెలియక యింటివారు మహాలయ అమావాస్యనాడు తర్పణము విడుచుట వాడుక. మృతుల పట్టికలో తేదీ దొరకినచో ఆ యేటి పంచాంగమును బట్టి తిథిని తెలిసికొనవచ్చును. హైఫా పట్టుబడిన 1918 సెప్టెంబరు 23 భాద్రపద బహుళ పక్షమున, అనగా మహాలయ పక్షములోనే, వచ్చినది. నూరేండ్లు తిథి లేక యుండిన పితరునకు తిథిని సంపాదించుటలో పండితునకును యంత్రమునకును సమానమైన పాలు గలదు.

వంశనామము లేనివారు

పైన చెప్పిన క్రమమంతయు తండ్రియు ఊరును తెలిసినవారికి చెల్లును. ఏ.సి. గార్డ్సు పేటయందలి సిద్దీల విషయమున రెండును ఒక తరము దాటగనే ఆగిపోవును. ఆఫ్రికానుండి దక్కనునకు మనుష్యులు దాసులుగను సైనికులుగను శతాబ్దములపాటు వచ్చిరి. అహమ్మదునగరమున మంత్రియై మొగలాయీల నెదిరించిన మలిక్ అంబరు వారిలో నగ్రగణ్యుడు. హైదరాబాదు నందలి ఆఫ్రికా రౌతుల దళము మొదట వనపర్తి సంస్థానాధీశుల కొలువున నుండి, పిదప నిజాము కొలువునకు వచ్చినదని చెప్పుదురు. సముద్రము దాటి వచ్చిన మొదటివాని తండ్రి పేరు పట్టీ వ్రాసినవానికి తెలియదు. ఊరి పేరు పలుకరాలేదు. యంత్రమున ఆ గడులు ఖాళీగా నుండును. వానిని ఊహతో నింపుటకంటె ఖాళీగా నుంచుటయే సత్యము. వారికి దళమే యింటిపేరు, పేటయే ఊరు. కావున అట్టివారి విషయమున దళమును వ్యక్తి వివరములలో నొకటిగా గాక వంశాధారముగా నెంచి, ఒకే దళమున కలిసి కొలువు చేసినవారి నందరిని ఒకచోట చేర్చి వ్రాయుట యుక్తము.

ప్రమాణ నిర్ణయము

సాఫ్టువేరు కలిగించు నపాయములలో నొకటి పండితులకు చిరపరిచితము. ఇతరులు కూర్చిన వృక్షములనుండి "వీరు మీ పూర్వులు కావచ్చును" అని యంత్రము సూచనలు చేయును; చూచినవారు వానిని తమ వృక్షమున చేర్చుకొందురు. వందమంది యట్లు చేర్చుకొనగా నూటొకటవవానికి వంద సాక్ష్యములున్నట్లు తోచును. తాళపత్ర గ్రంథములను పరిష్కరించినవారికి ఇది క్రొత్తది కాదు. ఒక లేఖకుని తప్పు వంద ప్రతులలోనికి దిగినను వంద పాఠములు కావు, మాతృక యొక్కటియే. వంశవృక్షమునందును ప్రతులను గాక మాతృకలను లెక్కింపవలెను.

గ్రాంప్స్ అను సాఫ్టువేరునందు ఒక్కొక్క యాధారమునకు విశ్వాసపు మెట్టు నిర్ణయించుటకు ఐదు తరగతులు కలవు. వానిని మన పద్ధతి ననుసరించి వాడుకొనవచ్చును. పేరు, తండ్రి పేరు, ఊరు, దళము నాలుగును సరిపోయిన పట్టీ మొదటి తరగతి. మూడు సరిపోయినది రెండవది. పిచ్చుకుంట్లవాని పాటయు, ఇంటి పెద్దల మాటయు మూడవది. వానిని త్రోసివేయక, ఎవ్వరు చెప్పిరో ఎన్నడు చెప్పిరో వ్రాసియుంచవలెను. పేరు మాత్రమే సరిపోయినది నాలుగవది. ఇతరుల వృక్షమునుండి గైకొన్నది ఐదవది. అది వెదకుటకు దారియే గాని ప్రమాణము కాదు.

ఈ పనిలో పాఠశాల పండితులకు ప్రత్యేకమైన యర్హత కలదు. యంత్రము వెదకజాలనిది ఇంటి ముసలివారి నోటనున్న తండ్రిపేరు, ఊరిపేరు. ఒక్కొక్క విద్యార్థి తన ముత్తాతలలో దండున కొలువు చేసినవారి పేరు, వారి తండ్రి పేరు, ఊరు, దళము, తెలిసినచో భార్య పేరు వ్రాసి తెచ్చినయెడల, తార్నాకలోని పారసీ పట్టీకిని హీలియోపోలిస్ ఫలకమునకును ఇంటి వాకిటినుండి దారి యేర్పడును. ముసలివారు పోయిన పిమ్మట ఆ రెండు మాటలు ఏ పట్టికలోను దొరకవు.